మే నెల అంకెలు

కిందటి వేసవిలో ఒక పెళ్ళి భోజనాల బంతిలో నా పక్కన కూర్చున్న పెద్దమనిషి, నేనెవరో తెలియక, నా కథే నాకు చెప్పాడు. ఆయన రిటైరైన హైస్కూలు మాస్టారు. మాటల్లో పాత కాలేజీల ప్రసక్తి వచ్చింది.

"మా చదువులప్పుడు ఆ కాలేజీలో ఒక ఫిజిక్సు లెక్చరర్ ఉండె. అటెండరు చేత లెక్కలు చేయించుకోని డాక్టరేటు కొట్టేద్దామని చూసినాడు. అయ్యన్నా నిజం లెక్కలా? దొంగ లెక్కలు! పరీక్ష చేసేదానికి వచ్చినాయన పట్టేసినాడు. ఆ అయ్య మళ్ళీ కాలేజీ గడప తొక్కలా" అన్నాడు.

"అటెండరు ఏమైనాడు?" అని అడిగాను.

"వాడికేం, తెలివైనోడంట. ప్రమోషన్ ఇచ్చినారు" అని సాంబారు కలుపుకున్నాడు.

ఆ అటెండర్ని నేనే. మజ్జిగ దాకా ఉండకుండా లేచి చెయ్యి కడుక్కున్నాను. ఆ లెక్చరర్ గారు పోయి నాలుగేళ్ళయింది. ఆయన భార్య అంతకుముందే పోయింది. ఆ కాలేజీ కూడా ఇప్పుడు లేదు. జరిగింది తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను. నేను కూడా పోతే, పెళ్ళిళ్ళలో సాంబారుతో పాటు కలుపుకునే ఆ మాటే చరిత్ర అవుతుంది. అందుకని రాస్తున్నాను. పేర్లు ఎవరివీ రాయను. తప్పు ఎవరిదో తెలిస్తే చాలు, పేర్లతో పని లేదు.

మా నాయన బిట్రగుంట లోకో షెడ్డులో ఇంజన్లు కడిగేవాడు. నేను ఎస్సెల్సీ తప్పాను. తప్పింది సోషల్లో, లెక్కల్లో కాదు. ఈ ముక్క అడగకపోయినా చెప్పుకోవడం నాకు ఇప్పటికీ పోని అలవాటు. రైల్వే కాలనీలో ఇన్‌స్టిట్యూట్ అని ఒకటి ఉండేది. బిలియర్డ్సు బల్ల పక్కన నాలుగు అద్దాల బీరువాల నిండా ఇంగ్లీషు పుస్తకాలు. దేశం వదిలి వెళ్ళిపోయిన దొరలు వదిలేసినవి కొన్ని, తర్వాత కొన్నవి కొన్ని. లైబ్రరీ చూసుకునే ముసలాయన పాత రైలు గార్డు. పుస్తకం తిరిగి ఇచ్చేటప్పుడు, "చదివినావా, బొమ్మలు చూసి తెచ్చినావా?" అని మధ్యలో ఒక పేజీ తెరిచి అడిగేవాడు. సరిగా చెబితేనే ఇంకో పుస్తకం. డిక్షనరీ ముందు పెట్టుకుని, ఒక్కో వాక్యానికి అరపూట చొప్పున, ఆ బీరువాల్లో సైన్సు అన్నది దాదాపు అంతా చదివాను. లాగరిథం పట్టీ చూడకుండానే చాలా అంకెలు చెప్పగలిగేవాణ్ణి.

యాభైల చివర్లో, కోస్తాలో మాకు దగ్గర పట్టణంలోని ఒక ప్రైవేటు కాలేజీలో ఫిజిక్సు ల్యాబ్‌కి అటెండరుగా చేరాను. రోజూ ప్యాసింజరు బండిలో వెళ్ళి వచ్చేవాణ్ణి. గాజుసామాను కడగడం, బ్యాటరీల్లో యాసిడ్ పోయడం, లెక్చరర్లకు నీళ్ళందించడం నా పని. నా చంకలో పుస్తకం చూసి స్టోరు గుమస్తా నాకు 'ప్రొఫెసరు' అని పేరు పెట్టాడు.

"ఏం ప్రొఫెసరూ, ఈ పొద్దు ఏం కనిపెట్టినావు? స్టోరులో రెండు బీకర్లు కనపడ్డంలా, ముందు అయ్యి కనిపెట్టు!"

అందరూ నవ్వేవాళ్ళు, నేనూ నవ్వేవాణ్ణి. లోపల మాత్రం, ఈ గుమస్తాకు ఒక్కసారైనా నా లెక్క చూపించాలని ఉండేది.

అరవైల మొదట్లో ఆ లెక్చరర్ గారు వచ్చారు. పులికాట్ సరస్సు ఒడ్డున ఒక పల్లె ఆయనది. తరాలుగా వలలు లాగిన ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషి. ఉద్యోగం తాత్కాలికం. డాక్టరేటు వస్తే శాశ్వతం చేస్తామని, రాకపోతే వేరేవాళ్ళను చూసుకుంటామని కమిటీ ముందే చెప్పింది. ఆయన ఒక పెద్ద ఊరి పరిశోధనశాల నుంచి వేలిగోరంత జెర్మేనియం స్ఫటికం తెచ్చుకున్నారు. దానిలో ఎలక్ట్రాన్ల సాంద్రత కొలవడం ఆయన థీసిస్.

ఇది తెలియని పిల్లల కోసం రెండు మాటలు. శుద్ధమైన జెర్మేనియంలో కరెంటు సరిగా పారదు. దాన్ని కరిగించేటప్పుడు అతి కొంచెం ఆంటిమొనీ కలుపుతారు. మా స్ఫటికంలో నలభై నాలుగు కోట్ల జెర్మేనియం పరమాణువులకు ఒక ఆంటిమొనీ పరమాణువు. ఆ ఒక్కటి ఒక ఎలక్ట్రానును వదులుతుంది. అలా వదిలినవి ఒక ఘన సెంటీమీటరులో ఎన్ని ఉన్నాయో లెక్క కట్టాలి. స్ఫటికం గుండా కరెంటు పంపి, అయస్కాంతం మధ్య పెడితే, అడ్డంగా ఒక చిన్న ఓల్టేజీ పుడుతుంది. దాన్ని కొలిస్తే సాంద్రత లెక్కకు వస్తుంది.

మొదటిసారి అంకె వచ్చిన రోజు ఆయన నవ్వారు. "మా నాయన సరస్సు నీళ్ళు నాలిక మీద ఏసుకోని, ఈ పొద్దు ఉప్పు ఎంత ఉండాదో, ఏ చేప పడతదో చెప్పేవోడు. నాకు చూడు, ఇంత సామాను కావాల్సొచ్చింది."

నాకు లెక్కలు వచ్చని ఆయనకు తెలిసింది కూడా అప్పుడే. ఆయన కాగితం మీద చేస్తున్న గుణకారానికి నోటితో జవాబు చెప్పేశాను. ఆయన లాగ్ పట్టీ చూసి, నన్ను చూసి, "ఎవరు నేర్పినారయ్యా?" అన్నారు.

"లైబ్రరీ సార్."

ఆ రోజు నుంచి ఆయన నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు. ఆ చిన్న ఓల్టేజీని చూపే గాల్వనోమీటరు రీడింగులు నేనే తీసేవాణ్ణి. అద్దం మీద పడి తిరిగొచ్చే వెలుగు చుక్కను స్కేలు మీద చూడాలి కాబట్టి కిటికీలన్నీ మూసి, నల్లగుడ్డలు కట్టేవాళ్ళం. డిసెంబరులో ఫరవాలేదు. మే నెల అగ్నికార్తెలో, రేకుల కప్పు కింద, ఆ మూసిన గదిలో ఉష్ణమాపకం నలభై రెండు చూపేది. చెమట పుస్తకం మీద పడకుండా మోచేతికి తువ్వాలు చుట్టుకుని రాసేవాణ్ణి.

జూన్‌లో ఆయనకు పచ్చకామెర్లు వచ్చాయి. థీసిస్ ఇవ్వాల్సిన గడువు జూలై ఆఖరు. మంచం మీద పడుకుని, పసుపు కళ్ళతో రఫ్ పుస్తకాలు నా చేతికిచ్చారు.

"రీడింగులన్నీ ఉండాయి. సాంద్రతలు లెక్కగట్టి ఫెయిర్ పట్టిక రాసి తీసుకురా. నేను చూసి సంతకం పెడతా. కానీ ఒక మాట, ఇది బయట అనబాకు. లెక్కలు నేనే చేసినానని థీసిస్ మొదటి పేజీలో రాసియ్యాల."

ఆయన భార్య మజ్జిగ తెచ్చి, ఆయనకొక గ్లాసు, నాకొక గ్లాసు ఇచ్చింది. నాకు నీళ్ళు కాకుండా మజ్జిగ ఇచ్చిన మొదటి లెక్చరర్ ఇల్లు అది. ఆ పుస్తకాలు పట్టుకుని రైల్లో వస్తుంటే డాక్టరేటు నాకే వచ్చినట్టు అనిపించింది.

డిసెంబరు, జనవరి అంకెలు చక్కగా వచ్చాయి. ఆంటిమొనీ ఎంతో, ఎలక్ట్రాన్లు దాదాపు అంతే. మార్చి నుంచి మెల్లగా పెరిగాయి. మే నెలకు వచ్చేసరికి పావు వంతుకు పైగా ఎక్కువ. మూడుసార్లు చేశాను. అంతే వచ్చింది.

నా దగ్గర ఇన్‌స్టిట్యూట్ నుంచి తెచ్చుకున్న పుస్తకం ఉంది. దాని ఆరో అధ్యాయంలో స్పష్టంగా ఉంది: మామూలు గది ఉష్ణోగ్రతలో ఇటువంటి స్ఫటికంలోని ఎలక్ట్రాన్ల సంఖ్యను కలిపిన పదార్థమే నిర్ణయిస్తుంది, అది మారదు. పుస్తకం మారదంటోంది, మా అంకె మారుతోంది. అయితే తప్పు అంకెదే. వేడికి గాల్వనోమీటరు చెడి ఉంటుంది, లేదా నా కళ్ళు చెదిరి ఉంటాయి అనుకున్నాను. ఆ పుస్తకం రాసినాయన గది, మా రేకుల గది ఒకటి కావని నాకు తట్టలేదు. అచ్చులో ఉన్నదాన్ని అనుమానించడం నాకు అప్పటికి ఎవరూ నేర్పలేదు. సొంతంగా చదువుకున్నవాడికి ఉండే పెద్ద లోటు అదే.

మే నెల అంకెలు దిద్దాను. డిసెంబరులో వచ్చినవే మేలోనూ వేశాను. ఇంకా ఒకటి చెప్పాలి, ఇది చెప్పకపోతే మిగతాదంతా రాసి ప్రయోజనం లేదు. అన్నీ ఒకేలా ఉంటే బాగుండదని, చివరి అంకెలు అక్కడక్కడ ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ చేశాను. తప్పు దిద్దేవాడికి ఆ పని అవసరం లేదు. అది నాకు అప్పుడే తెలుసు.

పట్టిక చూసి లెక్చరర్ గారు దిండు మీద నుంచి కొంచెం లేచారు.

"మే నెలవి కూడా ఇంతేనా? కొంచెం పెరగాల్నే."

"అంతే సార్. ఒకటికి మూడుసార్లు చేసినాను."

"మరి ఆంటిమొనీ, వాళ్ళు చెప్పినదానికన్నా ఎక్కువ పడుంటదా..." అని తనలో తాను అనుకుని, నా మొహం చూసి, కలం అడిగారు. సంతకం పెట్టారు. కోలుకుంటూ, ఆ పట్టిక మీద ఆధారపడి ఒక అధ్యాయమే రాశారు. నలభై రెండు డిగ్రీల దాకా ఈ స్ఫటికం చలించదని.

ఆగస్టులో అదే పుస్తకం మళ్ళీ తెచ్చుకున్నాను. మొదటిసారి ఆరో అధ్యాయంతో ఆపేశాను, లెక్క వచ్చేసిందని. ఈసారి ఏడోది చదివాను. జెర్మేనియంలో వేడి పెరిగేకొద్దీ దాని సొంత పరమాణువుల బంధాలు తెగి, కొత్త ఎలక్ట్రాన్లు పుడతాయట. ఆంటిమొనీ తక్కువున్న స్ఫటికంలో అది ముందుగా బయటపడుతుందట. ఎలా లెక్కగట్టాలో సూత్రం కూడా ఉంది. మా వేడికి అందులో వేసి చూశాను. పెరగాల్సిందే. నేను తప్పనుకుని మార్చేసినవే సరైన అంకెలు.

ఆయనకు అప్పుడే చెప్పి ఉండాల్సింది. రోజూ చెబుదామనే వెళ్ళేవాణ్ణి. అప్పుడప్పుడే ఒంట్లో రక్తం పడుతోంది, నవ్వుతున్నారు, శాశ్వతమయ్యాక అమ్మను పల్లె నుంచి తెచ్చుకుంటానంటున్నారు. ఎవరు పట్టించుకుంటారులే అనుకున్నాను. మూడు నెలలు అలా గడిపాను.

నవంబరులో, వాయుగుండం వానల్లో, థీసిస్ పరీక్షించే ప్రొఫెసరు గారు కాలేజీకే వచ్చారు. పరికరాలు చూసి, ప్రశ్నలు అడిగి, తర్వాత నిర్ణయం చెబుతారట. ప్రిన్సిపాలు గారు పక్కన ఉన్నారు. ప్రొఫెసరు గారు నా చేతిలోని నీళ్ళ గ్లాసు నా వైపు చూడకుండానే తీసుకున్నారు. పట్టిక తెరిచారు.

"ఈ స్ఫటికం మా కొలిమిలో చేసిందే, తెలుసుగా?"

"తెలుసండి."

"అదే కడ్డీలోంచి కోసిన ఇంకో ముక్క నా దగ్గర ఉంది. అందులో ఆంటిమొనీ ఎంతో నాకు తెలుసు. నలభై రెండు డిగ్రీల దగ్గర అది ఇలా ఉండదు. మీది ఎలా ఉంది?"

లెక్చరర్ గారు పట్టిక తన వైపు తిప్పుకుని మే నెల వరసలు చూశారు.

"పోనీ తప్పు కొలిచారనుకుందాం. తప్పు కొలిస్తే అంకెలు చెదురుతాయి. ఇవి చెదరలేదు. చక్కగా అలంకరించి ఉన్నాయి. రఫ్ పుస్తకం ఉందా?"

ఆ పుస్తకం నా బల్ల సొరుగులో ఉంది. లెక్చరర్ గారు నా వైపు చూశారు. నేనేం చేశానో ఆయనకు అప్పుడే అర్థమైపోయింది. నా మొహం చూస్తే ఎవరికైనా అర్థమవుతుంది. ఆయన మెల్లగా, "పట్టిక మీద సంతకం నాదండి. బాధ్యత నాది" అన్నారు.

అక్కడ నేను ఊరుకుని ఉంటే, నిర్లక్ష్యం కింద పోయేదేమో. మళ్ళీ కొలిచి ఇమ్మని ఆరు నెలలు గడువు ఇచ్చేవాళ్ళేమో. ప్రొఫెసరు గారు మంచివాడే, మాట కరుకు అంతే. కానీ నేను ముందుకు వచ్చాను.

"ఆ లెక్కలు సార్ చెయ్యలేదండి. నేను చేసినాను. తప్పు నాదే."

ప్రిన్సిపాలు గారు, "నువ్వు గ్లాసు పట్టుకోని అవతలికి పో" అన్నారు.

ప్రొఫెసరు గారు మొదటిసారి నన్ను చూశారు. "నువ్వా? మీ సార్‌ని కాపాడదామని చూస్తున్నావు. అటెండరుకి ఎలక్ట్రాన్ల సాంద్రత ఏం తెలుసయ్యా?"

"తెలుసండి."

"ఒద్దు" అన్నారు లెక్చరర్ గారు. మెల్లగా అన్నారు గానీ నాకు వినపడింది. "వాడికేం తెలియదండి. సామాను తుడుస్తాడు."

ఆయన ఎందుకలా అన్నారో ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం ఆ మాట నా చెంప మీద కొట్టినట్టయింది.

ప్రొఫెసరు గారు సుద్దముక్క నా చేతిలో పెట్టారు. ఆంటిమొనీ ఇంత, ఉష్ణోగ్రత నలభై రెండు డిగ్రీలు, ఎలక్ట్రాన్లు ఎన్ని, రాయి అన్నారు. బోర్డు దగ్గరికి వెళ్ళాను. తలుపు దగ్గర స్టోరు గుమస్తా నిలబడి చూస్తున్నాడు. ఏడో అధ్యాయం మొత్తం నా తలలో ఉంది. సూత్రం రాశాను, వేడికి పుట్టే ఎలక్ట్రాన్లను విడిగా లెక్కగట్టాను, వర్గమూలం తీశాను, లాగ్ పట్టీ ఇస్తే వద్దన్నాను. పది నిమిషాలు పట్టి ఉంటుంది. బోర్డు మొదటి నుంచి చివరి దాకా నా దస్తూరీతో నిండింది. కింద జవాబు రాసి గీత గీశాను.

ప్రొఫెసరు గారు ఒక్కో మెట్టూ చూశారు. "లెక్క బాగుంది. చాలా బాగుంది" అన్నారు. నన్నే అన్నారు. తర్వాత లెక్చరర్ గారి వైపు తిరిగి, థీసిస్ మొదటి పేజీ తెరిచి, లెక్కలన్నీ తానే చేశానని ఆయన రాసిచ్చిన చోట వేలు పెట్టి చూపించారు.

"మరి ఇది ఎవరి థీసిసండీ?"

థీసిస్ వెనక్కి తీసుకున్నారు. సంక్రాంతి సెలవులకు ఆయన రఫ్ పుస్తకాలు ఇంటికి తీసుకెళ్ళారు. ఆ తర్వాత కాలేజీకి రాలేదు, రానివ్వలేదు. మెట్ట ప్రాంతంలో ఒక హైస్కూల్లో సైన్సు టీచరుగా చేరారని విన్నాను. అదే ఏప్రిల్లో నన్ను ల్యాబ్ అసిస్టెంటును చేశారు. ప్రొఫెసరు గారు ప్రిన్సిపాలు గారికి ఉత్తరం రాశారట. గుమస్తా నన్ను ప్రొఫెసరని వెక్కిరించడం మానేశాడు. 'సార్' అన్నాడు. ఆ పిలుపు విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు ముడుచుకుపోయేది.

రెండేళ్ళకు ఆయన దగ్గరికి వెళ్ళాను. అప్పటికి, ఆయన ఇంటి నుంచి పోస్టులో నాకు చేరిన రఫ్ పుస్తకాలు తీసి, డిసెంబరు నుంచి మే దాకా ప్రతి రీడింగూ, గది వేడి ఎంతో అంతకు సరిగా, ఎలక్ట్రాన్లు పోయిన చోట మిగిలే రంధ్రాలను కూడా లెక్కలోకి తీసుకుని, మళ్ళీ కట్టాను. గ్రాఫు గీశాను. చుక్కలన్నీ సూత్రం గీసిన వంపు మీద కూర్చున్నాయి. మూసిన గదిలో చెమటలు కార్చుకుంటూ ఆయన తీయించిన కొలతలు అంత మంచివి.

స్కూలు వరండాలో బెంచీ మీద కూర్చుని ఆయన ఆ గ్రాఫు చాలాసేపు చూశారు. చిక్కిపోయారు. వేలితో ఒక్కో చుక్కనూ తాకారు.

"మంచి రీడింగులే తీసినాం కదయ్యా" అన్నారు.

"సార్, నేను ఆ పొద్దు నిజం చెప్తే మీకు మేలు జరగతాదనుకున్నా."

ఆయన గ్రాఫు మడిచి నా చేతికిచ్చారు. "ఒకటి అడగతా, చెప్పు. ఆ రోజు బోర్డు మీద రాసేటప్పుడు నీకు సంతోషమేసిందా?"

అబద్ధం చెప్పడానికి ఆ మనిషి ముందు రెండోసారి నోరు రాలేదు.

"ఏసింది సార్."

"నాకు తెలుసు. నేను బోర్డు చూడలా. నీ మొహమే చూస్తా ఉన్నా."

బడి గంట కొట్టారు. ఆయన క్లాసుకు వెళ్ళిపోయారు. ఆ తర్వాత మేం కలవలేదు.

ఇది రాయడానికి కారణమైనవాళ్ళకు కృతజ్ఞతలు చెప్పుకోవాలి. పేర్లు రాయనన్నాను కాబట్టి పేర్లు లేకుండానే చెబుతున్నాను. బొమ్మలు చూశావా, చదివావా అని అడిగిన పాత గార్డుకు. నన్ను వెక్కిరించిన, ఆ తర్వాత సార్ అని పిలిచిన గుమస్తాకు. నా లెక్క బాగుందన్న ప్రొఫెసరు గారికి. ఆ రఫ్ పుస్తకాలు భర్త ఇంట్లోనే ఉంచుకుంటానన్నా నాకు పంపించి, మళ్ళీ కట్టి చూడమని చీటీ పెట్టిన, ఒకప్పుడు నాకు మజ్జిగ గ్లాసు ఇచ్చిన ఆ తల్లికి. పెళ్ళి బంతిలో నా పక్కన కూర్చున్న మాస్టారికి. ఇక ఒక అటెండరుకు లెక్క వచ్చని నమ్మిన మొదటి మనిషికి. ఆయన నమ్మకపోయి ఉంటే ఆయనకు మేలు జరిగేది.